బస్తరు పుచ్చతోటల మొవ్వుకుళ్ళు: ఒంటరి రైతు గెలవలేని పోరు

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో పుచ్చతీగకు పట్టిన తెగులును గురించి ఇంత వివరంగా వ్రాయవలసిన అవసరమేమి వచ్చినదని పాఠక మిత్రులు అడుగవచ్చును. కరువు భత్యం, పెన్షను, ఖాళీల భర్తీ, కాంట్రాక్టు విధానం - ఇన్ని సమస్యలు మన ముందుండగా తామర పురుగు ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చును. మేము చెప్పదలచుకున్నది సూటిగానే చెబుతాము. ఈ తెగులును ఏ రైతూ తన పొలం గట్ల మధ్య ఒంటరిగా నిలబడి జయించలేడు. దుకాణంలో దొరికే మందు సీసాతోనూ జయించలేడు. దానికి ప్రజాధనంతో నడిచే పరిశోధన కావాలి, ఊరంతా కలిసి పాటించే కట్టడి కావాలి, ఆ రెంటినీ రైతు వాకిటికి చేర్చే సర్కారు సిబ్బంది కావాలి. ఈ మూడింటి విలువ ఎరిగినవారు మనకన్న వేరెవరున్నారు? అందుకే ఈ వ్యాసం.

ఒక్క పంట నేల

బస్తరు పేరు మన రైల్వే సోదరులకు కొత్త కాదు. 1960 దశకంలో కొండలను తొలిచి వేసిన కొత్తవలస - కిరండుల్ మార్గం బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చుతున్నది. జగదల్‌పూరు, దంతెవాడ, కిరండుల్ స్టేషన్లలోనూ, ఆ మార్గపు లైను గ్యాంగుల లోనూ తెలుగు ఉద్యోగులు తరాలుగా పనిచేస్తూ వచ్చారు. ఆ పట్టాల మీద రాత్రింబవళ్ళు ఖనిజం కదులుతున్నది. ఆ పట్టాలకు ఇరువైపులా ఉన్న చిన్న రైతు బ్రతుకు మాత్రం నేటికీ అధికంగా ఒక్క వానకాలపు వరి మీదనే ఆధారపడి ఉన్నది.

1998లో విభజింపబడక పూర్వం బస్తరు జిల్లా కేరళ రాష్ట్రం కన్న విశాలమైనది. నేడు ఆ ప్రాంతం ఛత్తీస్‌గఢ్‌లో ఏడు జిల్లాలుగా ఉన్నది. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురిసే పీఠభూమి అది. అంత వాన కురిసినా, వరి కోత ముగియగానే పొలాలలో అధిక భాగం బీడుగా పడి ఉంటున్నది. వాన నీటిని నిలువ చేసుకునే వసతి కొరవడటమే అందుకు ముఖ్య కారణం.

బీడుపడిన పొలం వెనుక వలసపోయిన కుటుంబం ఉన్నది. దక్షిణ బస్తరులోని బీజాపూర్, సుక్మా జిల్లాల నుండి ఆదివాసీ కూలీలు ఏటేటా మిరప కోతకు గోదావరి దాటి మన జిల్లాలకు వస్తున్నారు. 2020 ఏప్రిల్‌లో, దేశమంతటా రాకపోకలు స్తంభించిన రోజులలో, తెలంగాణ మిరప తోటల నుండి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరిన పన్నెండేళ్ళ బాలిక దారిలోనే ప్రాణం విడిచింది. ఆ వార్త చదివి కన్నీరు పెట్టినవారు మనలో అనేకులు. అంత చిన్న వయసులో ఆ బిడ్డ పరాయి ఊరి పొలంలోకి కూలికి ఎందుకు రావలసి వచ్చినదన్న ప్రశ్న ఇంకను మిగిలియున్నది. స్వగ్రామంలో వేసవి పని ఉన్నట్లయితే ఆ ప్రయాణమే ఉండదు.

ఇక్కడనే పుచ్చ, ఖర్బూజ, దోస వంటి తీగ పంటల ప్రాముఖ్యం కనిపిస్తుంది. వాగు ఒడ్డునో, బోరుబావి క్రిందనో కొద్దిపాటి నీటి వసతి ఉన్న రైతుకు పుచ్చ 75 నుండి 100 రోజులలో చేతికివచ్చే పంట. వరికి వలె మడి నిండా నీరు నిలుపవలసిన పని లేదు. విత్తడం, పాదులు చేయడం, కలుపు తీయడం, కాయ కోయడం, బండి కెత్తడం - ఇవన్నీ ఇంటి మనుషులకు, ఇరుగుపొరుగు కూలీలకు ఊరిలోనే దొరికే పనులు. పైగా ఈ జాతి తీగలు బస్తరుకు పరాయివి కావు. ఎండిన ఆనపబుర్రను తొలిచి నీళ్ళకూ, జీలుగు కల్లుకూ పాత్రగా వాడుకునే నేల అది. ఆ బుర్రను అచ్చట తుంబా అంటారు. ఇంటి వెనుక బాడీలో గుమ్మడి, దోస, కాకర పాదు లేని గడప అరుదు.

కనుక బస్తరులో రెండవ పంట నిలబడుటకు ఉన్న మార్గాలలో ఈ తీగ పంటలు ఒకటి. రైతు అప్పు తెచ్చి విత్తనం, గొట్టాలు, ఎరువు కొని తోట వేసిన మొదటి ఏడాదే తెగులు తినివేసినట్లయితే, రెండవ ఏడు అతడు వేయడు. అతని పొరుగువాడు కూడా వేయడు. మరల అందరూ మిరప కోతకు బయలుదేరుతారు. ఒక తెగులును గురించి మనం ఇంత ఆందోళన చెందుతున్నది అందుకే.

తెగులు స్వరూపం

పుచ్చకు సోకే కీటకవాహక తెగుళ్ళు పలు రకాలు. పేనుబంక మోసుకొచ్చే మొజాయిక్ తెగుళ్ళు ఉన్నవి, తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడుత ఉన్నది. వీటిలో మన దేశపు పుచ్చ రైతును దారుణంగా దెబ్బతీసినది మొవ్వుకుళ్ళు. 1990 దశకపు ఆరంభంలో దక్షిణ భారతంలో ఇది గుర్తింపునకు వచ్చినది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర తోటలలో దీని వలన పంట నష్టం 39 శాతం నుండి నూటికి నూరు శాతం వరకు ఉన్నట్లు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఆ దశకం ముగిసేలోగా దీనికి కారణమైన వైరస్ ఒక ప్రత్యేక జాతి అని కూడా తేల్చారు.

లేత ఆకులపై మొదట పసుపు మచ్చలు కనిపిస్తాయి. తీగ సాగడం మాని కణుపులు దగ్గర పడతాయి. నేలపై ప్రాకవలసిన కొనలు నిటారుగా తల ఎత్తి నిలుస్తాయి. కాడపై గోధుమ రంగు చారలు ఏర్పడి, చివరకు మొవ్వు మాడిపోతుంది. చిన్న వయసులో సోకిన తీగకు కాపు ఉండదు. కాస్త ముదిరిన పిమ్మట సోకితే కాయ పడుతుంది కాని, అది చిన్నదై వంకర తిరిగి, పైన మచ్చలు పడి, అంగడిలో ఎవరూ ముట్టని సరుకవుతుంది. చూచిన రైతు ఎండ దెబ్బ అనుకుంటాడు. నీరు చాలలేదనుకుని ఇంకొక తడి ఇస్తాడు. ఎరువు చాలలేదనుకుని యూరియా చల్లుతాడు. ఈలోగా తెగులు పక్క పాదులకు చేరుతుంది.

దీనిని మోసుకొచ్చేది తామర పురుగు. శాస్త్రీయ నామం త్రిప్స్ పామి. పసుపు వన్నెగల ఈ పురుగు పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. 1925లో సుమత్రా దీవిలో పొగాకు మొక్కపై దీనిని తొలిసారి వర్ణించారు. అర్ధ శతాబ్దం పాటు ఎవరూ అంతగా పట్టించుకోని ఈ పురుగు 1978లో జపానులో ప్రవేశించినది. 1980 దశకంలో హవాయికీ, కరీబియన్ దీవులకూ, 1990లో అమెరికాలోని ఫ్లోరిడాకూ చేరినది. ఎండాకాలమన్నా, పొడి వాతావరణమన్నా దీనికి ప్రీతి. వాన చినుకు దెబ్బకు ఆకుల నుండి రాలిపోయే ఈ పురుగు వేసవి పంటపై విజృంభిస్తుంది. బస్తరు రైతు వేయగలిగిన రెండవ పంట వేసవి పంటే గదా!

పురుగు రోగాన్ని మోసే విధానం తెలియనిదే నివారణ తెలియదు. తపాలా సోదరులకు ఇది సులువుగా బోధపడుతుంది. తామర పురుగు పిల్లదశలో ఉన్నప్పుడు మాత్రమే రోగిష్ఠి ఆకు నుండి వైరస్‌ను పీల్చుకుని వాహకం కాగలదు. రెక్కలు వచ్చిన పిమ్మట ఆరోగ్యవంతమైన పురుగు వచ్చి రోగిష్ఠి మొక్కను పీల్చినా అది వాహకం కాదు. టపాను ఒక్క కౌంటరు వద్దనే, ఒక్క వేళలోనే స్వీకరించినట్లన్నమాట. ఆ తరువాత పురుగు నేలలోకి దిగి కోశస్థ దశ గడుపుతుంది. సీలు వేసిన సంచిలో టపా భద్రంగా ఉన్నట్లు వైరస్ దాని ఒంటిలో భద్రంగా ఉండటమే కాక, అక్కడ వృద్ధి పొందుతుంది కూడా. రెక్కలతో బయటపడిన నాటి నుండి చనిపోయే వరకు ఆ పురుగు వాలిన ప్రతి గుమ్మంలోనూ బట్వాడా చేస్తూ పోతుంది. ఒక్క మినహాయింపు: దాని గ్రుడ్ల ద్వారా వైరస్ తరువాతి తరానికి పోదు. ప్రతి తరమూ మరల రోగిష్ఠి మొక్కపై పుట్టి పెరిగితేనే వాహకమవుతుంది.

ఇందులో రైతుకు పనికివచ్చే రహస్యం ఒకటున్నది. పురుగు పిల్లలు పెరుగుటకు రోగిష్ఠి మొక్క దొరకకుండా చేయగలిగితే టపా బయలుదేరే ఆఫీసునే మూసివేసినట్లు అవుతుంది. ఆ రోగిష్ఠి మొక్క ఎక్కడ ఉంటుంది? కాపు ముగిసినా పీకివేయక వదిలిన పాత తోటలో, గట్టున పెరిగిన కలుపులో, వారం ముందు విత్తిన పొరుగువాని చేనులో. తన పొలాన్ని అద్దంలా ఉంచుకున్న రైతు కూడా ఆ మూడింటి ముందు నిస్సహాయుడే.

పిచికారీ ఎందుకు ఓడిపోతున్నది

తెగులు కనిపించగానే రైతుకు దుకాణదారు ఇచ్చే సలహా ఒక్కటే: మందు కొట్టు. ఈ సలహా ఎందుకు ఫలించదో చెప్పుకొనుట అవసరం.

మొదటి సంగతి, వైరస్‌ను చంపే మందు లేదు. పిచికారీ పురుగును చంపగలదేమో గాని, సోకిన తీగను బాగుచేయలేదు. రెండవ సంగతి, వైరస్‌ను మోసుకుని వచ్చిన పురుగు వేరొక చేను నుండి గాలివాటున ఎగిరి వచ్చినది. ఆకుపై వాలి, మందు ప్రభావానికి చచ్చేలోగానే అది ఆకును గీకి పీల్చి తన పని ముగిస్తుంది. నేడు చచ్చినదాని స్థానంలో రేపు మరొకటి వాలుతుంది. మూడవ సంగతి, గ్రుడ్డు ఆకు పొరలోపల ఉంటుంది, కోశస్థ దశ మట్టిలో గడుస్తుంది. పైన కొట్టిన మందు ఆ రెంటికీ సరిగా అందదు. నాల్గవది, ఈ పురుగును పట్టి తినే చిన్న నల్లులు, ఇతర మిత్ర కీటకాలు మందుకు ముందుగా బలి అవుతాయి. జపానులో వంగ తోటలపై జరిగిన పరిశోధనలు ఓరియస్ అనే నల్లి ఈ పురుగును అదుపులో ఉంచుతున్నదని చూపించాయి. థాయ్‌లాండులో మందు కొట్టని పెరటి వంగ మొక్కలపై తామర పురుగులు స్వల్పంగా ఉన్నట్లు పరిశోధకులు గమనించారు. మందు ఎక్కువైన చోట పురుగు ఎక్కువ కావడంలో వింత ఏమీ లేదు.

మన తెలుగు రైతు ఈ పాఠాన్ని కోట్ల రూపాయల నష్టంతో నేర్చుకున్నాడు. 2015లో దేశంలో బొప్పాయిపై తొలుత కనిపించిన మరొక జాతి తామర పురుగు, 2021 చివరలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిరప తోటలపై దండెత్తినది. రైతులు రోజు మార్చి రోజు మందు కొట్టినా పూత నిలువలేదు. విచక్షణ లేని పిచికారీల వలన మిత్ర కీటకాలు నశించి పురుగు మరింత పెచ్చరిల్లుతున్నదని శాస్త్రవేత్తలు హెచ్చరించవలసి వచ్చినది. ఆ ఏడు తోటలు పీకివేసుకున్న రైతుతో పాటు, కోతకు వచ్చే బస్తరు కూలీ కూడా నష్టపోయాడు. కోయడానికి కాయ లేనప్పుడు కూలి ఎక్కడిది?

ఇక పుచ్చ విషయంలో ఒక అదనపు చిక్కున్నది. ఈ తీగకు మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. పుప్పొడి జిగురుగా ఉండి గాలికి కదలదు. ఉదయం విచ్చుకుని ఆ రోజే ముడుచుకునే ఆడ పువ్వుపై తేనెటీగ పలుమార్లు వాలి పుప్పొడి చేర్చితేనే కాయ పడుతుంది, గుండ్రంగా ఎదుగుతుంది. రోగాన్ని తెచ్చేదీ కీటకమే, కాయను ఇచ్చేదీ కీటకమే. పూత సమయంలో ఉదయం పూట మందు కొట్టిన రైతు తామర పురుగును వదిలి తేనెటీగను చంపుకుంటున్నాడు. ఇమిడాక్లోప్రిడ్ తదితర మూడు మందులను తేనెటీగల రక్షణ కొరకు ఐరోపా సమాజం 2018లో ఆరుబయట పొలాలలో నిషేధించినది. మన అంగళ్ళలో ఆ మందులు ఎరువు బస్తాల ప్రక్కన దొరుకుతున్నవి.

ఆ మందును వీపున మోసి కొట్టేవాని సంగతి కూడా కార్మికోద్యమం మరువరాదు. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాళ్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు, డబ్బాపై వ్రాసిన హెచ్చరిక చదివి చెప్పేవారు లేరు. హల్బీ, గోండీ మాత్రమే తెలిసిన కూలీకి ఇంగ్లీషు, హిందీ అక్షరాల హెచ్చరిక ఉన్నా లేనట్లే.

వేరుశనగ నేర్పిన పాఠం

అట్లయితే మార్గమే లేదా? ఉన్నది. ఆ మార్గాన్ని తెలుగు నేలపైననే, వేరుశనగ పంటలో, ప్రభుత్వ, అంతర్జాతీయ పరిశోధనా సంస్థలు వేసి చూపించాయి.

వేరుశనగకు సోకే మొవ్వుకుళ్ళు పుచ్చ మొవ్వుకుళ్ళుకు దగ్గర చుట్టం. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధకులు దానిని చేపట్టారు. 1979లో అది టమాటాకు సోకే ఒక ప్రపంచవ్యాప్త వైరస్ వలన కలుగుతున్నదని భావించారు. డాక్టర్ డి.వి.ఆర్. రెడ్డి, ఆయన సహచరులు పరిశోధన కొనసాగించి, అది వేరొక వైరస్ అని 1992లో నిరూపించారు. వాహకం విషయంలోనూ అంతే. తొలుత ఇతర తామర జాతులను అనుమానించగా, తరువాతి పరిశోధనలు త్రిప్స్ పామిని వేలెత్తి చూపాయి. ఒక్క తెగులుకు కారణమేదో, మోసే పురుగేదో రూఢిగా చెప్పడానికి ఇన్ని సంవత్సరాలు పట్టినదని గమనించాలి. ఈ త్రైమాసికం లాభం ఎంత అని ప్రశ్నించే సంస్థ ఏదీ ఇంత కాలం ఓపిక పట్టదు.

ఆ ఓపిక ఏమి ఫలం ఇచ్చినది? వేరుశనగలో ఈ తెగులు ప్రధానంగా బయటి నుండి ఎగిరి వచ్చే పురుగుల వలన వ్యాపిస్తున్నదని తేలింది. పురుగుల వలస ఎప్పుడు ముమ్మరమవుతుందో తెలిసింది. దానితో సలహా మారింది. తొలకరికే విత్తుకోవాలి, అప్పటికి పైరు ముదిరి తట్టుకుంటుంది. మొక్కలను ఒత్తుగా పెంచాలి. సజ్జ వంటి పొడవైన ధాన్యపు పంటను మధ్య సాళ్ళలో వేయాలి. పొలంలో తెగులును తట్టుకునే గుణం కల కదిరి-3 వంటి రకాలను ఎంచుకోవాలి. ఈ సలహాలలో సగానికి రైతు రూపాయి అదనంగా పెట్టవలసిన పని లేదు. బహుశః అందుచేతనే వాటిని ప్రచారం చేయడానికి ఏ వ్యాపారికీ ఉత్సాహం ఉండదు.

2000వ సంవత్సరంలో అనంతపురం జిల్లా అనుభవం మరొకటి. వేరుశనగలో కాండం కుళ్ళు తెగులు సుమారు 2,25,000 హెక్టార్లను పాడుచేసి, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం కలిగించినది. పరిశోధకులు శోధించగా దానికి పొగాకు చార వైరస్ కారణమని తేలింది. వయ్యారిభామ కలుపు మొక్క పైకి ఏ లక్షణమూ కనిపించకుండా ఆ వైరస్‌ను దాచుకుంటున్నదని, దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని పైరుకు చేరుతున్నదని బయటపడింది. అంతవరకు వయ్యారిభామ దురదకు, ఆయాసానికి కారణమని మాత్రమే ఎరిగిన పల్లెలకు అది కొత్త సంగతి. గట్ల మీద, బాటల ప్రక్కన ఆ కలుపును పూతకు రాక మునుపే పీకివేయడం, చేను చుట్టూ జొన్న, సజ్జ వరుసలు వేయడం నివారణలో ముఖ్య భాగమైనవి. గట్టు ఒకరిది, బాట ఊరిది. కనుక ఒక్కరు పీకితే సరిపోదు.

ఊరుమ్మడి కట్టడి

పుచ్చ రైతుకు నేడు శాస్త్రజ్ఞులు చెప్పే పద్ధతి కూడా ఈ త్రోవలోనిదే. నారును సన్నని నైలాను వలక్రింద పెంచాలి. వెండి రంగు మల్చింగ్ షీటు పరచితే దాని మెరుపుకు పురుగు దారి తప్పుతుంది. చేను చుట్టూ మొక్కజొన్న లేక జొన్న మూడు, నాలుగు వరుసలు పుచ్చకన్న ముందుగా వేసి తెరగా నిలపాలి. మొక్కజొన్న కొండగాం రైతుకు చిరపరిచితమైన పంటే కనుక ఇది అతనికి భారం కాదు. పాదులపై పలుచని గుడ్డ కప్పి, ఆడ పూత రాగానే తేనెటీగ కొరకు తీసివేయాలి. తెగులు సోకిన తీగను మొదటి రోజే పీకి పాతిపెట్టాలి. నీలి రంగు జిగురు అట్టలు కట్టి పురుగు రాకను కనిపెట్టాలి. కాపు ముగిసిన తోటను మరునాడే దున్నివేయాలి.

వీటిలో కొన్ని ఒక్క రైతు చేసుకోగలిగినవి. అన్నిటికన్న బలమైనవి మాత్రం ఊరంతా చేయవలసినవి. ఒకే పక్షంలో అందరూ విత్తుట, ముగిసిన తోటను ఎవరూ నిలువ ఉంచకుండుట, రెండు పంటల నడుమ కొన్నాళ్ళు తీగ పంట లేకుండా విరామం పాటించుట - ఇవి ఒంటరిగా సాధ్యం కావు. ఒక బ్లాకు సెక్షనులో రెండు బండ్లు ఉండరాదన్న నియమాన్ని ఒక్క స్టేషను మాస్టరు పాటించి, పక్క స్టేషను వాడు పాటించకపోతే ఏమవుతుందో రైల్వే సోదరులకు మేము చెప్పనవసరం లేదు.

ఇది ఊహాలోకపు మాట కాదు. కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్‌లో 1990 దశకంలో తెల్లదోమ మోసుకొచ్చిన టమాటా వైరస్ తోటలను తుడిచిపెట్టినప్పుడు, అక్కడి ప్రభుత్వం ఏటా మూడు నెలల పాటు టమాటాతో పాటు మిరప, వంగ, దోస కుటుంబపు పంటలను సైతం వేయరాదని శాసించినది. ఆ విరామంతో దోమకు ఆశ్రయం తగ్గి, టమాటా సేద్యం మరల కోలుకున్నది. అక్కడ పని చేసినది ఒక నియమం, దానిని అమలు జరిపిన సిబ్బంది, సహకరించిన రైతాంగం.

బస్తరులో అట్టి నియమం విధించాలన్నప్పుడు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటి వెనుక బాడీలో నాలుగు గుమ్మడి పాదులతో పూట గడుపుకునే ఆదివాసీ స్త్రీని శాసనం పేరుతో వేధించరాదు. గ్రామసభలో కూర్చుని, కారణం వివరించి, ఊరి సమ్మతితో విత్తే పక్షాన్ని నిర్ణయించాలి. నష్టపోయిన వారికి పరిహారం కూడా ముందే నిర్ణయించాలి.

ప్రభుత్వం చేయవలసినది

ప్రైవేటు విత్తన సంస్థలు నిరోధక రకాలు తెస్తాయి, ఈ ఆరాటమంతా ఎందుకని కొందరు మేధావులు వాదిస్తున్నారు. మంచి రకం ఎవరు తెచ్చినా స్వాగతమే. కాని ప్రతి ఏటా కొనవలసిన సంకర విత్తనం ధర ఎవరు నిర్ణయిస్తారు? ఏ ఊరిలో ఏ వైరస్ ఉన్నదో సర్వే చేసి ఎవరు చెబుతారు? చెప్పిన రకం విఫలమైతే రైతు ఎవరి గుమ్మం ఎక్కుతాడు? విస్తారమైన మార్కెట్టు ఉన్న చోటికి కంపెనీ వస్తుంది. అబూజ్‌మాడ్ అంచున ఎకరం పుచ్చ వేసిన రైతు కొరకు రాదు.

జగదల్‌పూరులో అమరవీరుడు గుండాధుర్ పేరిట వ్యవసాయ కళాశాల, పరిశోధనా కేంద్రం ఉన్నవి. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు నాయకుని పేరు పెట్టుకున్న ఆ సంస్థ రాయపూరులోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది. 1967లో స్థాపితమైన భారత ఉద్యాన పరిశోధనా సంస్థ బెంగుళూరు వద్ద హేసరఘట్టలో ఉన్నది. ఈ సంస్థల నడుమ పని పంచుకుని, బస్తరు పీఠభూమిలోని తీగ పంటలపై ఏ వైరస్‌లు ఏ నెలలో వస్తున్నవో ఏటా సర్వే జరపాలి. వాడిన ఆకును పరీక్షించి వారం లోపల ఫలితం చెప్పే ప్రయోగశాల జగదల్‌పూరులో నిరంతరం పనిచేయాలి. గ్రామ వ్యవసాయ విస్తరణ ఉద్యోగుల ఖాళీలను శాశ్వత ప్రాతిపదికపై భర్తీ చేయాలి. ఏడాదికొకసారి రెన్యువల్ భయంతో బ్రతికే కాంట్రాక్టు ఉద్యోగి ఐదేళ్ళ సర్వేను ఎట్లు పూర్తి చేయగలడు? సలహాలు హల్బీ, గోండీ భాషలలో, దక్షిణాన తెలుగులో అందాలి. ఈ పనికి ఆకాశవాణి జగదల్‌పూరు కేంద్రాన్ని పూర్తిగా వినియోగించుకోవాలి.

మన వంతు

మనం చేయగల పనులు కూడా కలవు. రైలు కట్టల వెంబడి, యార్డులలో, క్వార్టర్ల చుట్టూ వయ్యారిభామ పెరుగుతున్నది. దానిని పూతకు ముందు తొలగించే పనికి సరిపడు మనుషులను నియమించుమని, వారికి చేతి తొడుగులు, ముఖ రక్షణ ఇవ్వుమని మన శాఖలు డిమాండు చేయాలి. కలుపు మందు డబ్బా కూలీ వీపున ఎక్కించి చేతులు దులుపుకొనుటను అంగీకరించరాదు.

పండిన కాయకు బండి కావాలి. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుండి ఢిల్లీకి బయలుదేరిన కిసాన్ రైలు అరటి, బత్తాయి, బొప్పాయిలతో పాటు ఖర్బూజను కూడా మోసినది. రైల్వే తలచుకుంటే రైతు సరుకుకు చోటు దొరుకుతుందని అది చూపించినది. ఖనిజానికి పట్టాలు వేసిన దేశం, ఆ పట్టాల ప్రక్కన పండిన పుచ్చకు వేసవి మూడు నెలలు పార్సిలు పెట్టెలో చోటు ఇవ్వలేదా? తెగులును దాటి కాయ పండించిన రైతు దళారీ చేతిలో ఓడిపోరాదు.

తపాలా సోదరుల చేతిలో ఇంకను విలువైన సాధనమున్నది. వ్యవసాయాధికారి ఏడాదికి ఒకమారు కనిపించే ఊరిలో కూడా బ్రాంచి పోస్టాఫీసు ఉద్యోగి ఊరివారిలో ఒకడుగా మసలుతాడు. విత్తే పక్షాన్ని తెలిపే ప్రకటన పోస్టాఫీసు గోడపై అంటించడం, తెగులు సోకిన ఆకు నమూనాను ప్రయోగశాలకు చేర్చడం వంటి సేవలను వ్యవసాయ శాఖ తపాలా శాఖతో ఒప్పందం చేసుకుని జరిపించవచ్చును. అందుకు గ్రామీణ డాక్ సేవకులకు తగిన అదనపు వేతనం చెల్లించి తీరాలి. ఉచిత సేవ పేరుతో మరొక బరువు నెత్తిన పెట్టరాదు.

మన ఉద్యోగులలో అనేకులు రైతు కుటుంబాల నుండి వచ్చినవారే. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు గట్టున నిలిచి, మొవ్వు మాడిన తీగను చూచి, మందు సీసాకు డబ్బు ఇవ్వమని అడిగే అన్నదమ్ములకు ఈ నాలుగు మాటలు చెప్పండి. ఆ తీగను పీకివేయమని, పొరుగువారిని పిలిచి విత్తే రోజులు నిర్ణయించుకొమ్మని, ఊరి తరఫున వ్యవసాయ కార్యాలయానికి అర్జీ పెట్టుమని చెప్పండి. ఆ అర్జీ వ్రాసి ఇవ్వండి. దానికి జవాబు వచ్చే వరకు వెంటపడే విద్య మన సంఘాలకు బాగుగా తెలిసినదే.